ఎలుక కనపడని నెలలోనే ఎలుకల పని

(బాపట్ల జిల్లాలో ఒక ఊరి బడి ఆవరణలో, మే నెల సాయంత్రం, పొదుపు సంఘాల వాళ్లు, చిన్న రైతులు కూర్చున్న సభలో ఒక మహిళా రైతు మాట్లాడిన మాటలు. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? సరే. ముందే చెప్తున్నా, నేను ఆఫీసర్ని కాదు, సైంటిస్టుని అంతకన్నా కాదు. రెండెకరాల ఇరవై సెంట్ల మాగాణి, రెండు గేదెలు, పదో పన్నెండో నాటుకోళ్లు, ఇంటి వెనక ఆరు కొబ్బరి చెట్లు, ఇదీ నా సంసారం. ఇందులో నేను తిన్నదెంత, ఎలుకలు తిన్నదెంత అని లెక్కేస్తే కొన్నేళ్లు వాటి వాటానే ఎక్కువేమో. మన సంఘం లీడరు అక్క "ఇంటి దగ్గర ఎలుకల గురించి గంటలు గంటలు తిడతావుగా, ఆ తిట్లేవో ఇక్కడ పనికొచ్చేలా చెప్పు" అంది, అందుకని నిలబడ్డాను.

ఇందాక లోపలికొస్తుంటే మా బాబాయ్ ఒకాయన అన్నాడు, "పొలాలన్నీ నెర్రెలిచ్చి ఉంటే ఈ ఎండల్లో ఎలుకల మీటింగేంటే, ఎక్కడున్నాయి ఎలుకలు?" అని. బాబాయ్, నువ్వే నా పని సగం చేసి పెట్టావు. ఇప్పుడు లేవు గనకే ఇప్పుడు పట్టాలి. మనం ఏం చేస్తాం? కార్తీకంలో దుబ్బులు పడిపోయి కనపడ్డాక మందు షాపు మీదకి పరిగెత్తుతాం. అప్పటికి అవి పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు పిల్లల్ని పెట్టి, మన పొలంలో కాపురాలు చేస్తుంటాయి. పొలం ఎలుక మూడు వారాల పైన రెండు రోజులు మోస్తే ఈనేస్తుంది, ఈతకి ఆరో ఎనిమిదో పిల్లలు, ఆ పిల్లలు మూడు నెలలకల్లా మళ్లీ ఈతకొస్తాయి. జూన్‌లో మీ గట్టులో ఒక్క జంట ఉంటే నవంబర్‌కి ఎంతవుతాయో మీరే వేసుకోండి, నాకు లెక్కలంటే టెన్షన్.

మన డెల్టాలో ఎలుకకి ఏడాది పొడుగునా భోజనం ఎలా నడుస్తుందో ఒకసారి చూడండి. జూలై ఆగస్టుల్లో నాట్లు. సాంబ మసూరి వేస్తాం, మన బాపట్లలో పుట్టిన 5204 నంబరు వరి రకం, 1986లో విడుదలైంది, దాదాపు అయిదు నెలల పంట. అంటే అయిదు నెలలు దానికి పచ్చి పిలకలు, పాలకంకులు, గట్టి గింజలు వరసగా వడ్డిస్తున్నాం. కోత కోసే ముందే తడి మీద మినుములు చల్లేస్తాం. కోసిన వరిని కుప్ప వేస్తాం, కుప్ప నూర్చడానికి సంక్రాంతి దాటుతుంది, ఒక్కోసారి శివరాత్రి దాకా పోతుంది. అంటే పొలం మధ్యలో దానికో మేడ కట్టి, మేడ నిండా వడ్లు పోసి, మేడ చుట్టూ మినుప తోట పెంచి ఇస్తున్నాం. మనం కూతురికి కూడా అంత సారె పెట్టం! ఈ మధ్య మినుము మానేసి మొక్కజొన్న వేసేవాళ్లు ఎక్కువయ్యారు. దుక్కి లేకుండా గుంట చేసి విత్తనం పెడతామా, రాత్రికి రాత్రి వరసలో వెతుక్కుంటూ ఆ గింజ తవ్వి తినేస్తుంది, పొద్దున వెళ్లి చూస్తే దారం పట్టి తవ్వినట్టు గుంటలు.

ఏప్రిల్ చివరికి ఇదంతా అయిపోతుంది. పొలంలో తిండి లేదు, కాలవలో నీళ్లు లేవు. అప్పుడు మిగిలిన ఎలుకలు ఎక్కడికి పోతాయి? కాలవ కట్టల మీదకి, బండ్లు నడిచే పుంతల గట్లకి, తుమ్మ తుప్పల కిందకి, మన గడ్డివాముల కిందకి, చావిళ్లలోకి. ఎకరాలకెకరాలు చల్లాచెదురుగా తిరిగేవి ఈ నాలుగు చోట్లకి వచ్చి ఇరుక్కుంటాయి, పైగా ఆకలి మీద ఉంటాయి. పొట్ట దశలో, అంటే వరి కంకి లోపల పెరిగే రోజుల్లో, పొలంలో తియ్యటి వెన్ను నోటికి అందుతుంటే మీ నూకల పొట్లం దానికెందుకు? మేలో, జూన్ మొదట్లో అయితే అదే నూక దానికి విందు. అందుకని మందు పెట్టే రోజు కాలవలు వదలక ముందు, నారుమళ్లు పోయక ముందు ఒకటి. నాట్లు వేసిన నెలా నెలన్నరలోపు, చిరుపొట్ట రాకముందే రెండోది. ఆ తర్వాత పెట్టేదంతా మన మనశ్శాంతి కోసం.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా. కుప్పలు నానిపోయాయి, కోయని పొలం పడుకుంది, అదంతా మళ్లీ చెప్పి మీ కడుపు మండించను. కానీ ఆ నీళ్లలో నేను ఒకటి చూశాను. మూడో రోజు కాలవ కట్ట మీద నడుస్తుంటే అడుగడుక్కీ కొత్త మట్టి, తడి మట్టి, ముద్దలు ముద్దలుగా. పొలాల్లో కన్నాలన్నీ మునిగిపోతే ఊరి ఎలుకలన్నీ ఆ ఒక్క కట్టెక్కాయి. ఆ వారంలో మనం పదిమందిమి కలిసి కట్ట పొడుగునా పని చేసుంటే మినుము దక్కేది. ఎవరి బాధలో వాళ్లున్నాం, ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక అవి తీరిగ్గా దిగి పొలాలు పంచుకున్నాయి.

ఇక ఎలుక కొట్టిందా, పురుగు కొట్టిందా అన్నది. ఇది నవ్వులాట కాదు, మా పక్క పొలం ఆయన రెండు సార్లు పురుగుమందు కొట్టాడు ఎలుక నష్టానికి. కాండం తొలిచే పురుగైతే తెల్లకంకి వస్తుంది, పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తుంది. ఎలుకైతే పిలక మొదట్లో ఏటవాలుగా, కొడవలి వాలుగా పెట్టి కోసినట్టు ఉంటుంది, కోసిన ముక్కలు అక్కడే పడి ఉంటాయి. తినేది తక్కువ, కొరికి పారేసేది ఎక్కువ, దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి మరి, అరగకపోతే దానికి నోరు మూతపడదు. ఇంకో మోసం ఏంటంటే అది పొలం మధ్యలో మొదలుపెడుతుంది. గట్టు పక్కన మూడు నాలుగు వరసలు ముట్టుకోదు. గట్టు మీద నిలబడి చూసే మగాళ్లకి పంట పచ్చగా కళకళలాడుతుంటుంది, ఇంటికొచ్చి "మన చేను బాగుంది" అంటారు. కలుపుకి దిగిన మనకి తెలుస్తుంది లోపల బోడిగుండు. (నవ్వులు) నవ్వకండి, మా ఇంట్లో జరిగిందే చెప్తున్నా.

మా ఇంట్లో జరిగిందే ఇంకోటి చెప్పాలి. సిగ్గుగానే ఉంటుంది కానీ చెప్తాను. పెళ్లైన నాలుగో ఏడు, మా ఆయన ఒక షాపు నించి ఎలుకల నల్లమందు తెచ్చాడు, జింకు ఫాస్ఫైడు. ఎలా కలపాలో షాపులో చెప్పలేదు, ఈయన అడగలేదు. పకోడీ ముక్కల్లో దట్టించి కొబ్బరి చిప్పల్లో పెట్టి గట్ల మీద వరసగా దీపాలు పెట్టినట్టు పెట్టొచ్చాడు. పొద్దున్నే చూస్తే మావి మూడు కోళ్లు, పక్కింటి వాళ్ల కుక్క. ఎలుకలు చచ్చాయా అంటే రెండో మూడో చచ్చాయి. పక్కింటి వదిన ఏడాది పాటు నాతో మాట్లాడలేదు, మాట్లాడకపోవడంలో ఆవిడ తప్పేం లేదు.

ఎందుకు చావలేదో తర్వాత వ్యవసాయ శాఖ వాళ్ల శిక్షణలో తెలిసింది. ఎలుక మహా అనుమానపు జీవి. కొత్త వస్తువు కనపడితే ముందు పక్కనించి వెళ్తుంది, తర్వాత కాస్త కొరికి చూసి ఆగుతుంది. నల్లమందు కొన్ని గంటల్లోనే పని మొదలెడుతుంది, తక్కువ తిన్న ఎలుకకి కడుపులో తిప్పుతుంది గానీ చావదు, ఇక జన్మలో ఆ ఎరని ముట్టుకోదు. అందుకే నల్లమందు పెట్టాలంటే ముందు రెండు రోజులు మందు లేని నూకలు, నూనె కలిపి, అదే చోట పెట్టి అలవాటు చెయ్యాలి, మూడో రోజు మందు కలిపింది పెట్టాలి. మిగిలినవి మందు మరిచిపోవడానికి నెలా రెండు నెలలు పడుతుంది, ఈలోపు మళ్లీ అదే పెడితే దండగ. పైగా దానికి విరుగుడు లేదు. మనిషి మింగినా లేదు, కుక్క మింగినా లేదు. నేనైతే నా ఇంటి గుమ్మం దాటనివ్వను, పొలానికి కూడా ఇప్పుడు వద్దనే అంటాను.

ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది బ్రోమోడయోలోన్. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, ఎలుక మూడు నాలుగు రోజుల తర్వాత, ఒక్కోసారి వారానికి చస్తుంది. ఇవాళ తిన్న నూకకీ, నాలుగు రోజుల తర్వాత వచ్చిన నీరసానికీ సంబంధం ఉందని దానికి తట్టదు, అందుకని మిగతావి కూడా వచ్చి తింటాయి. ఆలస్యమే దాని బలం. రెండో రోజు "ఒక్క ఎలుకా చావలేదు, మందు డూప్లికేటు" అని తిట్టకండి, ఆగండి. పొరపాటున మనుషులో పశువులో తింటే దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె1 ఇంజెక్షన్. డబ్బా తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తాలి, డబ్బా మీద పేరు చూపిస్తేనే వాళ్లకి తెలుస్తుంది.

కలిపేది ఎలాగంటే, రాసుకునేవాళ్లు రాసుకోండి: కిలో ఎరకి 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల వంట నూనె, 20 గ్రాముల మందు పొడి, ఆ పొడి 0.25 శాతం అని రాసి ఉండేది. ముందు నూనె నూకలకి పట్టించాలి, తర్వాత పొడి చల్లి కర్రతో తిప్పాలి. నూకలు కొత్తవి, మంచివి, మీరు ఉప్మా చేసుకునేలాంటివి. పురుగు పట్టిన నూక కోడి కూడా తినదు, ఎలుక తింటుందా? చేతులకి తొడుగులు, వంటింటి గిన్నె కాకుండా వేరే గిన్నె, ఆ గిన్నె ఇక జన్మంతా ఆ పనికే. కలిపింది పెద్ద చెంచాడు, అంటే 15 గ్రాముల లెక్కన, పాత పేపరు ముక్కలో పొట్లం కట్టాలి. కిలోకి అరవై పైచిలుకు పొట్లాలొస్తాయి.

పొట్లం గట్టు మీద పెట్టకూడదు, కన్నం లోపలికి పోవాలి, జానెడు లోతుకి కర్రతో తోసి పైన మట్టి వదులుగా కప్పాలి. అప్పుడు కోడికీ అందదు, పిట్టకీ అందదు. ఏ కన్నంలో? ఇక్కడే మనవాళ్లు మందు తగలేస్తారు, కనపడిన ప్రతి కన్నంలో వేస్తారు. సగం కన్నాల్లో ఎలుకే ఉండదు, పీతో పామో ఉంటుంది. ముందు రోజు సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసేయండి. తెల్లారి ఏవి తెరుచుకుని ఉంటే వాటిలో ఎలుక ఉన్నట్టు. వాటిలోనే పెట్టండి. పది రోజులాగి మళ్లీ మూసి చూడండి, ఇంకా తెరుచుకున్నవి ఉంటే రెండోసారి. చచ్చిన ఎలుకలు కనపడితే ఏరి లోతుగా పూడ్చండి, వాటిని తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది, పిల్లీ చస్తుంది.

ఇదంతా నేనొక్కదాన్నే చేస్తే ఏమవుతుందో కూడా చెప్తాను, చేసి చూశాను గనక. మూడేళ్ల కింద నా రెండెకరాల్లో ఒక్క కన్నం మిగల్చలేదు. పదిహేను రోజులకి చుట్టుపక్కల పొలాల్లోవి ఖాళీ ఇల్లు దొరికిందని అద్దె కూడా ఇవ్వకుండా దిగాయి. పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన స్థానంలో దీని మీదే పనిచేసేవాళ్లున్నారు, వాళ్లు ఏళ్లుగా మొత్తుకునేదీ ఇదే: ఊరంతా ఒకే వారంలో పెట్టాలి, పొలాలతో పాటు కాలవ కట్టలు, పుంతలు, ఎవరిదీ కాని దిబ్బలు కూడా వదలకూడదు. ఎవరిదీ కాని చోటే వాటి పుట్టిల్లు.

మందు కంటే నేను ఎక్కువ నేర్చుకుంది ఒక యానాది తాత దగ్గర. మా అత్తగారి రోజుల నించి ఎలుకలు పట్టడానికి మా పొలాలకొచ్చేవాడు. ఓ రోజు పనేం లేక వెంట నడిచాను. ఆయన గట్టు మీద నడుస్తూ ప్రతి కన్నం దగ్గరా ఆగలేదు. కొన్ని చూడకుండానే దాటేశాడు. ఒకచోట ఆగి కన్నం ముందున్న మట్టి చిటికెడు తీసి నలిపాడు, "రాత్రి పోసింది" అన్నాడు. నాకు అన్ని మట్టులూ ఒకేలా కనపడ్డాయి. చుట్టూ తిరిగి గడ్డిలో దాగున్న ఇంకో మూడు నోళ్లు వెతికి మట్టితో బిగించాడు, ఒకటి వదిలాడు. అడుగున చిల్లి ఉన్న కుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పు పెట్టి, కుండ మూతిని ఆ వదిలిన కన్నానికి ఆనించి, అడుగు చిల్లి దగ్గర నోరు పెట్టి ఊదాడు. కళ్లలో నీళ్లు కారుతున్నా ఆపలేదు. నాలుగడుగుల అవతల నేలలోంచి సన్నగా పొగ లేచింది, నేను చూడనేలేదు, ఆయన ఊదుతూనే వేలితో చూపించాడు, అది అయిదో నోరు. దాన్ని కూడా మూసి, పార తీసుకుని తవ్వడం మొదలెట్టాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటాం కదా వెక్కిరింతగా, ఆ గట్టు తవ్వితే తెలిసింది అందులో ఎంత పనితనం ఉందో. దారి నేరుగా పోదు, చీలుతుంది, ఒక చీలిక ఊరికే మూసుకుపోతుంది. ఓ చోట గడ్డిని నూలులా చీల్చి పరుపు వేసుకుంది, అందులో కళ్లు తెరవని పిల్లలు ఏడు, ఎర్రగా, చిటికెన వేలంత. ఇంకా లోపల ఒక గది, గది నిండా వెన్నులు. విసిరేసినట్టు కాదు, మోపు కట్టినట్టు ఒకే వైపు తలలు పెట్టి పేర్చి ఉన్నాయి. రాలగొడితే చాటకి వడ్లొచ్చాయి. ఒక్క కన్నంలో చాటెడు! తల్లి ఎలుక పొగకి మత్తెక్కి చివరి మూలలో ఉంది. ఇంగ్లీషు వాళ్లు బ్యాండికూట్ అంటారు దీన్ని, ఆ మాట మన పందికొక్కు నించే వెళ్లిందట, మనం వాళ్లకిచ్చిన గొప్ప మాట ఇదొకటి. ఆ వడ్లు తాతవి, అది పాత కట్టుబాటు. ఎలుక్కింతని డబ్బులు వేరే. ఆ డబ్బుల దగ్గర మనవాళ్లు బేరాలాడతారు చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. మందు డబ్బాకి షాపులో అడిగినంత ఇచ్చొచ్చి, విషం చుక్క లేకుండా, పిల్లలతో సహా తీసేసే మనిషి దగ్గర పది రూపాయలకి గీచి గీచి బేరం. ఎలుకలు పట్టడానికి బుట్టలు పెట్టేవాళ్లతోనూ అంతే. ఆయన మనవలు ఇప్పుడు ఈ పనికి రావట్లేదు, ఎందుకొస్తారు?

పొలం సంగతి చాలు, ఇంటికొద్దాం. ఇంట్లో ఎలుక రావడానికి మూడు కావాలి దానికి: తిండి, నీళ్లు, చాటు. ఈ మూడూ మనమే ఇస్తాం. రాత్రి గేదెల కుడితి తొట్టి కడగం. కోళ్లకి చల్లిన గింజలు చీకటి పడ్డాక కూడా అక్కడే ఉంటాయి. వాము ఇంటి గోడకి ఆనించి వేస్తాం, వర్షం పడకుండా ఉంటుందని. ఆ వాము కిందే రాజ్యం అంతా. వాము ఇంటికి దూరంగా వేయండి, నేల మీద కాకుండా రాళ్ల మీద కర్రలు పరిచి మోకాలెత్తున వేయండి, కింద నించి పిల్లీ కుక్కా దూరగలిగితే ఎలుక ఉండదు. ధాన్యం బస్తాలూ అంతే, కింద చెక్కలు, గోడకి మూరెడు ఎడం, మనిషి చుట్టూ తిరిగి చూడగలగాలి. చిట్టెలుక పెన్సిల్ పట్టే సందులోంచి దూరుతుంది, తల దూరితే ఒళ్లంతా దూరినట్టే. కాబట్టి తలుపు కింద రేకు కొట్టించండి, కిటికీకి సన్న కన్నాల ఇనుప జల్లెడ, గోడ కన్నాలకి గుడ్డ కుక్కడం కాదు, సిమెంటులో గాజు పెంకులు కలిపి పూడ్చడం.

కొబ్బరి చెట్టుకి మొదట్లో ఎంత మందు పెట్టినా లాభం లేదు, అది పైన కాపురం ఉండే రకం. మొవ్వుకి బాగా దిగువన, నేల నించి మనిషెత్తున, మూరెడు వెడల్పు నున్నటి రేకు చుట్టూ చుట్టి మేకులు కొట్టండి, జారిపోతుంది. కానీ ఆ చెట్టు మట్ట పక్క చెట్టు మట్టకి తగులుతుంటే ఆ దారిన వంతెన దాటినట్టు దాటుతుంది, అది కూడా చూసుకోండి. ఇక మినుములూ పెసలూ దాచుకునే వాళ్లకి ఎలుక కంటే పుచ్చు పురుగే గండం. బాగా ఎండబెట్టి, చల్లారాక, కిలోకి అయిదు మిల్లీలీటర్ల వంట నూనె పట్టించి గాలి దూరని డబ్బాలో పోయండి. మా అత్తగారు బూడిద కలిపేవారు, అదీ పని చేస్తుంది, కడుక్కోవడమే విసుగు.

మూతి పొడుగ్గా ఉండి, గోడవారన కీచుమంటూ పోయే కంపు చుంచు ఉంటుందే, దాన్ని చంపకండి. అది ఎలుక జాతే కాదు, బొద్దింకల్ని, పురుగుల్ని తింటుంది. కంపు భరించండి.

ఎలుక వెనకాలే పాము వస్తుంది, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. నాగుపాము, రక్తపింజర ఎలుక కోసమే చావిడి దాకా వస్తాయి. అందుకని కన్నంలో ఎవరూ చెయ్యి పెట్టకండి, రాత్రి చావిట్లోకి లైటు లేకుండా పోకండి. జెర్రిపోతు మాత్రం విషం లేనిది, దాన్ని చూడగానే కర్ర తీసే మగాళ్లని ఆపండి, అది మనకి జీతం లేని పాలేరు. గుడ్లగూబ కూడా అంతే. ఇంటి మీద వాలితే కీడని దిష్టి తీస్తాం గానీ, తెల్ల గుడ్లగూబ తిండిలో ముప్పాతిక మూడొంతులు ఎలుకలే. పొలంలో టీ ఆకారం కర్రలు పాతితే రాత్రిపూట వాటి మీద కూర్చుని కాపలా కాస్తుంది. గింజ పాలు పోసుకునే టైముకి ఆ కర్రలు పీకేయండి, లేకపోతే పగలు వాటి మీద పిచ్చుకలు కూర్చుంటాయి.

జ్వరాల గురించి ఒక్క మాట. ఎలుక ఉచ్చ పొలం నీళ్లలో కలుస్తుంది, మన కాళ్లకి పగుళ్లో గాట్లో ఉంటే అందులోంచి ఎక్కుతుంది, ఎలుక జ్వరం అంటారు. జ్వరం, పిక్కల్లో పట్టేసినట్టు నొప్పి, కళ్లు ఎర్రబడటం. ఆర్ఎంపీ దగ్గర రెండు సూదులు వేయించుకుని ఊరుకోకండి, పెద్దాసుపత్రికి వెళ్లి "బురదలో పనిచేశాను" అని నోరు తెరిచి చెప్పండి, చెప్పకపోతే వాళ్లకి తట్టకపోవచ్చు. ఎలుకల మీద ఉండే నల్లి లాంటి పురుగు కుట్టినా ఓ రకం జ్వరం వస్తుంది, కుట్టిన చోట సిగరెట్టు కాల్చినట్టు నల్ల మచ్చ పడుతుంది. చంకల్లో, నడుం దగ్గర చీర కట్టు కింద వెతుక్కోవాలి.

రెండు వస్తువులు మన ఊళ్లో కనపడకూడదని నా కోరిక. ఒకటి ట్యూబులో వచ్చే ఎలుకల పేస్టు. చీకట్లో మెరుస్తుంది చూడండి, అందులో ఉండేది పసుపు పచ్చ భాస్వరం, కాలేయాన్ని తినేస్తుంది, విరుగుడు లేదు. పిల్లలు టూత్‌పేస్టు అనుకుంటారు. పెద్దవాళ్లకి కూడా ఏదో కోపంలో, ఏదో బాధలో ఉన్న క్షణాన అలాంటిది చేతికందే దూరంలో ఉండకూడదు. ఏ మందైనా ఇంట్లో దాచకండి, సంఘం పెట్టెలో తాళం వేసి ఉంచుదాం. రెండోది కరెంటు తీగ. పందులకనీ, ఎలుకలకనీ గట్ల మీద తీగ లాగి రాత్రికి కరెంటు వదులుతున్నారు. దాని మీద చచ్చేది నీళ్లు పెట్టుకోవడానికి చీకట్లో వెళ్లిన మన మనుషులే. అది కేసు అవుతుందని నేను బెదిరించను, పక్క పొలం వాడి పెళ్లాం మొహం ఎలా చూస్తారో అది చెప్పండి చాలు. తిమ్మెట్ గుళికలు కలిపేవాళ్లు కూడా ఇంకా ఉన్నారు, అది 2020 చివరి నించే నిషేధం, పాత డబ్బాలు ఉంటే బయటికి తీయండి.

ఏంటి పిన్నీ? పిల్లిని పెంచితే చాలదా అనా? చిట్టెలుకలకి చాలు పిన్నీ. ఎదిగిన పందికొక్కు ఎదురు తిరిగితే మీ పిల్లి అటక ఎక్కుతుంది. మా పిల్లి ఎక్కింది.

ఆ అబ్బాయి ఏదో అడుగుతున్నాడు. ఆన్‌లైన్లో వచ్చే శబ్దం మిషనా? మా వాడు కూడా తెప్పించాడు నాన్నా. ప్లగ్గులో పెట్టిన మొదటి రెండు రోజులు ఎలుకలు రాలేదు. మూడో వారం దాని వైరే కొరికేశాయి.

మామ్మగారు అడిగింది అందరికీ వినపడిందా? వినాయకుడి వాహనం కదే, చంపితే పాపం కాదా అంటున్నారు. మామ్మా, స్వామికి వాహనం ఒక్కటి చాలు. మన ఊళ్లో ఆయనకి కాన్వాయ్ ఉంది. (నవ్వులు) పాపం అనిపిస్తే మీరు మందు ముట్టుకోవద్దు, కన్నాలు మూసే పని చెయ్యండి, ఇంటి చుట్టూ చాటు లేకుండా చెయ్యండి, తిండి లేకపోతే అవే పోతాయి. నిజానికి ఆ పనే పెద్దది.

సరే, చీకటి పడుతోంది. శనివారం సాయంత్రం ఎవరి గట్ల మీద కన్నాలు వాళ్లు మూసేస్తారు. కాలవ కట్ట లాకుల దగ్గర నించి శ్మశానం మలుపు దాకా మన సంఘం, అక్కడి నించి రోడ్డు వంతెన దాకా రెండో సంఘం. ఆదివారం పొద్దున ఆరింటికి ఇక్కడే కలుద్దాం, పొట్లాలు ఇక్కడే కడదాం. మందు రైతు సేవా కేంద్రంలో అడిగాను, ఇస్తామన్నారు, ఇవ్వకపోతే చందా వేసుకుందాం. నూకలు తలా రెండు కిలోలు, పాత పేపర్లు బడిలో ఉన్నాయట. తొడుగులు నేను తెస్తాను. చంటిపిల్లల్ని తీసుకురాకండి. కోళ్లు ఉన్నవాళ్లు ఆ రోజు గంప తియ్యొద్దు. బాబాయ్, నువ్వు తప్పకుండా రావాలి, ఎలుకలెక్కడున్నాయో నీకు చూపిస్తా.